వెలుగునకు బోదెలు

మొన్న ఆషాఢమాసమున నొకనాటి రాత్రి మా ముమ్మిడివరమున గాలి గట్టిగా వీచినది. తెల్లవారి చూడగా మా వీధిలో నాలుగు కొబ్బరిమట్టలు నేలబడి యుండెను. అందొకటి పడుచు, స్తంభమునుండి మా యింటికి వచ్చు సన్నని నల్లతీగను త్రెంచివేసినది. దీపములు వెలుగుచునే యున్నవి. పంకాలు తిరుగుచునే యున్నవి. ఇంటర్నెట్టు మాత్రము నిలిచిపోయినది. ఒక్కపూట అది లేకున్న నేమగునని యూరకుందుము గాని, మా పెద్దబావగారి కుమార్తె హైదరాబాదు విశ్వవిద్యాలయమున చేరుటకు దరఖాస్తు పంపవలసిన తుదిదినమదే. గాలివానకు సెల్లుఫోనులును సరిగా పలుకుట లేదు. పిల్ల ముఖము చిన్నబోయినది.

మధ్యాహ్నమున కొక కుఱ్ఱవాడు భుజమున సంచి తగిలించుకొని వచ్చెను. సంచినుండి కలమువంటి సాధన మొకటి తీసి, తీగ చివర తగిలించి, మీట నొక్కెను. వెంటనే వీధి మలుపున, తీగ తెగినచోట, ఎఱ్ఱని వెలుగు కుంకుమబొట్టువలె మెఱసినది. అరుగుపై కూర్చున్న మా యత్తగారు "దాన్ని ముట్టకే తల్లీ, షాకు కొడుతుంది!" అని మనుమరాలిని వారించిరి. కుఱ్ఱవాడు నవ్వి, "ఆయ్, ఇందులో కరెంటు లేదండి మామ్మగారూ. ఉన్నదంతా వెలుగేనండి" అనెను.

పిమ్మట నతడు నల్లతొడుగు నొలిచి, లోని గాజుపోగు నొక గుడ్డతో తుడిచి, కొన సమముగా కోసి, రెండు కొనలను చిన్న యంత్రమున నెదురెదురుగా నుంచెను. యంత్రముపై నున్న తెఱలో ఆ పోగులు రెండును తాటిదూలములంత పెద్దవై కానవచ్చినవి. ఒక్క నిప్పురవ్వ మెఱసినది. రెండు కొనలు కరగి యొకటైనవి. మా పిల్ల ఱెప్పవేయక చూచి, "అన్నా, వెలుగు మా యింట్లో పెట్టెదాకా వచ్చింది కదా. పెట్టె లోపల కూడా వెలుగే వెళ్తుందా?" అని యడిగెను. "లోపలంతా రాగిదారులేనమ్మా. అక్కడితో వెలుగు పని సరి" అని యతడు సంచి సర్దుకొని పోయెను.

దరఖాస్తు ఆ సాయంకాలమే పోయినది. పిల్ల ప్రశ్న మాత్రము నన్ను విడువలేదు. ఇంత దూరము వచ్చిన వెలుగు మన గడపలో నేల యాగిపోవలెను? లోపలికి గూడ దానిని నడిపింపరాదా? దానికై లోకమున జరుగుచున్న ప్రయత్నములను గుఱించి నేను తెలిసికొన్నంత సోదరీమణులకు విన్నవించుచున్నాను. ఇందు మన వంటయింటివారి కర్థము కానిదేదియు లేదు.

వెలుగు నీటివలె పాఱునా?

వెలుగు తిన్నగా పోవునుగాని వంకరగా పోదని మనము చిన్ననాడు చదివితిమి. అట్లయిన మలుపులు తిరిగి వచ్చు గాజుపోగులో నది యెట్లు నిలుచును? దీనికి నిదర్శనము మన యింటనే చూడవచ్చును. గాజుగ్లాసులో నీరుపోసి, కంటికంటె నెత్తుగా పట్టుకొని, నీటి పైతలమును క్రిందినుండి చూడుడు. ఆ తలము వెండి యద్దమువలె మెఱయును. లోపల చెంచా నిలిపినచో దాని ప్రతిబింబము ఆ తలమున కానవచ్చును. నీరు గాలికంటె దట్టమైనది. దట్టమైన పదార్థమునుండి పలుచని దానిలోనికి వెలుగు బాగుగా నేటవాలుగా పోజూచిన, అది దాటలేక వెనుకకు మరలును. ఇదియే గాజుపోగులోని రహస్యము.

ఇంకొక వేడుక. ఒక ప్లాస్టిక్కు సీసాకు అడుగునుండి నాలుగు వ్రేళ్ల యెత్తున చిన్న రంధ్రము చేసి, నీరు నింపి, చీకటిగదిలో పళ్లెముపై నుంచుడు. రంధ్రమున కెదుటిప్రక్కనుండి టార్చిలైటు చూపుడు. నీటిధార వంగి క్రింద పడును. వెలుగును ధారతోడనే వంగి పళ్లెములో మెఱయును. 1841లో జెనీవా నగరమున కొలాడన్ అను పండితుడును, 1854లో లండనున టిండాల్ అను నతడును ఈ వింతనే సభలలో ప్రదర్శించిరి. పిల్లలు దీనిని చూచినచో మఱువరు.

నీటిధారకు బదులు గాజుపోగులను కట్టగట్టి వానిగుండ బొమ్మలను పంపవచ్చునని 1954లో చూపినవారిలో మన పంజాబుదేశీయుడైన నరీందర్ సింగ్ కపానీ యొకరు. కాని యప్పటి గాజులో మలినము మెండు. కొన్ని గజములు పోవుసరికే వెలుగు మాసిపోయెడిది. గాజును మిక్కిలి శుద్ధిచేసిన మైళ్ల దూరము పంపవచ్చునని 1966లో చార్లెస్ కావో నిరూపించెను. ఆయనకు 2009లో నోబెలు బహుమానము లభించినది. అట్టి గాజును 1970లో అమెరికాలోని కార్నింగు సంస్థవారు తీసిరి. నేటి పోగులో 15 కిలోమీటర్లు పోయిన పిదపకూడ సగము వెలుగు మిగిలియుండును. మన కోనసీమలోనే సఖినేటిపల్లి మండలమందలి మోరి గ్రామమున 2016 డిసెంబరులో ఇంటింటికి నీ గాజుపోగును చేర్చి, రాష్ట్రమునకు మాదిరిగా చూపిరి. ఆ మఱుసటి సంవత్సరము డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామనాథ్ కోవిందుగారు రాష్ట్రమంతటికి నుద్దేశించిన ఫైబరుగ్రిడ్డును ప్రారంభించిరి.

స్తంభముమీది చిన్నపలుకు

ఇక్కడ నొక చిత్రము కలదు. పట్టణమునుండి వచ్చు ఒక్క పోగు మన వీధిలోని ముప్పదిరెండిండ్లకు పంచిపెట్టబడవచ్చును. ఈ పంపకము చేయునది స్తంభముమీది పెట్టెలో నున్న గోరంత పలుకు. దానికి విద్యుత్తు అక్కఱలేదు. తఱచుగా వాడునట్టి పలుకులో, గాజుతో చేసిన సన్నని దారి యొకటి రెండుగా చీలి, ఆ రెండును నాలుగై, నాలుగును ఎనిమిదియై పోవును. మన పొలములలో పెద్దకాలువనుండి పిల్లకాలువలు, పిల్లకాలువలనుండి పంటబోదెలు చీలినట్లే యని యెఱుగునది. దవళేశ్వరముకడ ఆనకట్ట కట్టి నదిని నిలుపుట యొక యెత్తు. ఆ నీటిని ప్రతి మడిచెక్కకు నందించుట మఱియొక యెత్తు. గాజుపోగు పెద్దకాలువ. పలుకులోని సన్నని దారులు వెలుగుబోదెలు.

కావున మా పిల్ల యడిగిన ప్రశ్నకు సగము సమాధానము మా వీధిస్తంభముమీదనే యున్నది. వెలుగునకు బోదెలు త్రవ్వవచ్చును. ఇక వానిని యంత్రముల లోపలి పలకలమీదికి తెచ్చుటయే మిగిలిన పని.

రాగిదారుల కష్టము

రేడియో గాని టెలివిజను గాని విప్పి చూచినవారికి లోపల నాకుపచ్చని పలక యొకటి కనిపించును. దానిపై సన్నని రాగిగీతలు ముగ్గువలె నల్లుకొని యుండును. ఒక పరికరమునుండి మఱియొక పరికరమునకు వార్త మోయునవి ఆ గీతలే. ఇంతకాలము అవి చక్కగా పనిచేసినవి. మన యింటిపెట్టెకు నేటికిని అవియే చాలును.

కాని కోట్లమంది చిత్రములు, ఉత్తరములు, లెక్కలు నిలువజేయు మహాయంత్రశాలలలో నట్లు కాదు. అచ్చట నొక్కొక్క రాగిదారిపై సెకనునకు పదివేల కోట్ల గుఱుతులు పోవలయును. అంత వేగమున పోవు విద్యుత్తు రాగి పైపొరను మాత్రమే పట్టుకొని ప్రాకును. చుట్టునున్న పలక దానిని పీల్చుకొనును. జానెడు దూరము పోవునప్పటికే బలములో చాల భాగము వేడిగా మాఱిపోవును. ప్రక్కప్రక్క దారులలోని వార్తలు ఒకదానిలో నొకటి సొచ్చి గందరగోళము చేయును. దీనిని సరిదిద్దుటకు మఱికొన్ని పరికరములు, వానికి మఱికొంత విద్యుత్తు, ఆ వేడిని చల్లార్చుటకు పంకాలు, నీరు! పొయ్యి రగిల్చి దానిప్రక్కనే విసనకఱ్ఱతో కూర్చున్నట్లు.

ఇది మనకు దూరపు మాట కాదు. 2024లో నిట్టి యంత్రశాలలు లోకమునందలి విద్యుత్తులో నూటికి ఒకటిన్నర పాలు వాడినట్లు అంతర్జాతీయ శక్తిసంస్థ లెక్కవేసినది. 2025 అక్టోబరులో గూగులు సంస్థవారు మన విశాఖపట్టణమున నట్టి మహాశాలను నెలకొల్పుదుమని, అయిదేండ్లలో 1500 కోట్ల డాలర్లు వెచ్చింతుమని ప్రకటించిరి. అట్టిచోట్ల ఆదాయేయగు ప్రతి యూనిటును మఱియొకచోట దీపమై వెలుగగలదు, మోటారై నీరు తోడగలదు. ఇల్లు నడుపు స్త్రీలకు పొదుపు విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు.

వెలుగున కీ యిక్కట్లు తక్కువ. రెండు టార్చిలైట్ల వెలుగులను గాలిలో నొకదానికొకటి అడ్డముగా పంపి చూడుడు. దేనిదారిన అది పోవును. పి. గన్నవరముకడ వైనతేయ గోదావరిమీది అక్విడక్టును మనలో చాలమంది చూచియేయుందురు. క్రింద నది పాఱును, పైన కాలువ పాఱును. ఒకదాని నీరు రెండవదానిలో కలియదు. అన్నదానమున కీర్తిగన్న డొక్కా సీతమ్మగారి పేరును అచ్చటి కొత్తకట్టడమునకు పెట్టుకొంటిమి. రాగిదారులు రెండు దాటవలసినపుడు అట్లే వంతెనకట్టి ఒకటి క్రింద, నొకటి పైన నడిపింతురు. అందుచేతనే పలకలు పొరలు పొరలుగా పెరుగును. వెలుగుబోదెలకు వంతెనయు నక్కఱలేదు. ఒకే తలమున నడ్డముగా దాటినను, దేని వెలుగు దానిలో దాదాపు పూర్తిగా సాగిపోవును.

పాలిమరు అనగా నేమి?

పలకమీద బోదె తీయుటకు గాజే యుండనక్కఱలేదు. చవకగా పఱచుటకు, మెత్తగా వంచుటకు వీలైన పాలిమరు మేలని శాస్త్రజ్ఞులు ఎంచిరి. పాలిమరు అనునది వింతవస్తువు కాదు. చిన్నచిన్న అణుకూటములను పూలవలె గ్రుచ్చి కట్టిన పెద్దదండయే పాలిమరు. మన చీరలోని నూలు, పట్టు, కొబ్బరిపీచులోని నార ప్రకృతి కట్టిన దండలు. ప్లాస్టిక్కులు మానవుడు కట్టిన దండలు.

వీనిలో గాజువలె తేటయైనది యాక్రిలికు. మా యత్తగారికి పదునెనిమిదేండ్ల క్రిందట కంట శుక్లము తీసి, లోపల చిన్న కటకము నమర్చిరి. అది యీ జాతి పదార్థమే. గత మహాయుద్ధమున విమానముల కిటికీలు పగిలి, ఆ తునుకలు కొందఱు వైమానికుల కన్నులలో గ్రుచ్చుకొన్నవి. కన్ను వానిని ద్వేషింపలేదని లండనులోని హెరాల్డ్ రిడ్లీ అను వైద్యుడు గమనించి, 1949లో తొలిసారి ఆ పదార్థముతోనే కటకము చేయించి రోగికంట నుంచెను. 1992నుండి మదురైలోని ఆరోలాబువారు చవకగా చేయుటచే నిట్టి కటకములు బీదలకు నందినవి. ఈ సంగతి చెప్పగా మా యత్తగారు, "అయితే ఆ పలకలో ఉండేదే నా కంట్లోనూ ఉందన్నమాట" అని రెండు మాఱులు అడిగి తెలిసికొనిరి.

మామిడితాండ్ర పద్ధతి

ఇట్టి పలకను చేయు విధము మన ఆత్రేయపురపు మామిడితాండ్ర చేయు విధమును తలపించును. తాండ్రకు ముందు చాపమీద పలుచగా రసము పూసి యెండబెట్టుదురు. అది యాఱిన పిదప మఱియొక పూత, దానిపై నింకొకటి. ఇచ్చటను నంతే. మొదట పలకపై నొక తేటద్రవమును సమముగా పఱచి, కంటికి కానరాని ఊదావల వెలుగు ప్రసరింపజేసి గట్టిపఱతురు. ఇది క్రిందిపూత. దానిపై రెండవద్రవము. ఇది మొదటిదానికంటె వెలుగునకు నూటికి ఒకటి రెండు పాళ్లు దట్టమైనది. ఆ స్వల్పభేదమే చాలును. దీనిపై ముగ్గు అచ్చువంటి రేకు నుంచి వెలుగు ప్రసరింతురు. అచ్చు సందులలో వెలుగు సోకినచోట ద్రవము గట్టిపడును. సోకనిచోటిది కడిగివేసిన పోవును. మిగిలిన సన్నని గీతలే బోదెలు. తుదకు మఱల పలుచనిపూతతో నన్నిటిని కప్పుదురు. మనబోదెకు గట్టెట్లో, వెలుగుబోదెకు చుట్టునున్న పలుచనిపూత యట్లు.

బోదె వెడల్పు సాధారణముగ 50 మైక్రోనులు, అనగా మన తలవెండ్రుకకంటె సన్నము. మఱికొన్నిటిలో 5 మొదలు 9 మైక్రోనులే. ఇట్టి పాలిమరు బోదెలో మంచిదానియందును 60 సెంటీమీటర్లు పోవునప్పటికి సగము వెలుగు తఱిగిపోవును. గాజుపోగులో నదియే 15 కిలోమీటర్లని పైన చెప్పితిని. ఊరినుండి ఊరికి నిది పనికిరాదు. పలక యీ కొననుండి ఆ కొనకు మూరెడు దూరమే గనుక ఇచ్చట చాలును. గోదావరి చేయుపని బోదెయు, బోదె చేయుపని గోదావరియు చేయనేరవు.

ఇట్టి పలకమీద నేమేమి యమర్తురు? విద్యుత్తును వెలుగుగా మార్చు ఇసుకరేణువంత లేసరులు. వెలుగును మరల విద్యుత్తుగా గ్రహించు చిన్నకన్నులు. ఒక వెలుగును పలుపాళ్లుగా చీల్చు శాఖలు. పలురంగుల వెలుగులనుండి కావలసినదానినే యేఱు జల్లెడలు. పలకకు నిలువుగా వచ్చు వెలుగును బోదెలోనికి మలపుటకు, బోదెకొనను ఏటవాలుగా కోసి చిన్న యద్దము చేయుదురు. ఒకచోట పైపూతను తొలగించి, బోదెమీద నీటిబొట్టునో రక్తపుబొట్టునో యుంచిన, అందలి పదార్థమునుబట్టి లోపలి వెలుగు కొంచెము మాఱును. ఆ మార్పును చదివి పరీక్షలు చేయు పలుకులను గూడ శాస్త్రజ్ఞులు తయారుచేయుచున్నారు.

సూదిలో దారము గ్రుచ్చు కష్టము

ఇంత చక్కని వస్తువు మన బజారున నేల కానరాదు? దీనికి మూడు చిక్కులు కలవు.

మొదటిది సంధి. లేసరునోరు బోదెనోటికి సరిగా నెదురు నిలువవలెను. సన్నబోదెలలో ఒకటి రెండు మైక్రోనులు ప్రక్కకు జరిగినను వెలుగు చాలభాగము చిందిపోవును. మా యింటికి వచ్చిన కుఱ్ఱవాడు రెండు కొనలు కలుపుటకే యంత్రము, తెఱ, నిప్పురవ్వ కావలసివచ్చినవి. పలకమీదనో పదులకొలది కొనలను ఒకేమాఱు కలుపవలెను. సందెవేళ దీపము చిన్నదిచేసి నూఱు సూదులలో నొక్కమాఱే దారము గ్రుచ్చుమన్నట్లుండును.

రెండవది వేడి. పలకపై పరికరములను తగరముతో నతుకునపుడు వేడి 250 డిగ్రీలవఱకు పోవును. సాధారణపు యాక్రిలికు 105 డిగ్రీలకే మెత్తబడును. అందుచే ఇసుకజాతి మూలకమగు సిలికానును చేర్చి కట్టిన సిలికోను పాలిమర్లు మొదలగువానిని వాడుచున్నారు. వేడికి ప్లాస్టిక్కు వ్యాకోచించుటయు నెక్కువ. సిలికాను పలుకుకంటె ఇరువదిరెట్లకు మించి సాగును. చల్లగానున్నపుడు సరిగా కుదిరిన సంధి, వేడెక్కగానే తప్పిపోవచ్చును.

మూడవది తేమ. సముద్రముచెంత నున్న మనకు దీనిని గుఱించి యెవరును చెప్పనక్కఱలేదు. అప్పడములు మెత్తబడినట్లే కొన్ని పాలిమర్లు గాలిలోని తేమను పీల్చి ఉబ్బును. 2013లో డౌ కార్నింగు, ఐ.బి.యం. సంస్థలవారు కలిసి చేసిన సిలికోను బోదెలు 85 డిగ్రీల వేడిని, నూటికి 85 పాళ్ల తేమను తట్టుకొన్నవని ప్రకటించిరి. ఇది మన శ్రావణభాద్రపదములకంటె కఠినమైన పరీక్ష. అంతర్జాతీయముగా నిట్టి పలకలకు కొలతలు, పరీక్షలు నిర్ణయించిన ప్రమాణములును వెలువడినవి. అయినను నివి ప్రధానముగ పరిశోధనశాలలలోను, విశేషపు పనులలోనే యున్నవి. రాగిపలక చవక, చిరకాలముగా నెఱిగినది. క్రొత్తకోడలు పాతకాపురమున నిలదొక్కుకొనుటకు కొంతకాలము పట్టునుగదా!

హైదరాబాదులోని వెలుగుపని

ఇవి యన్నియు పరదేశముల ముచ్చటలేయని సోదరీమణులు తలపవలదు. మా పిల్ల దరఖాస్తు పంపిన హైదరాబాదు విశ్వవిద్యాలయమునే చూడుడు. 1974లో స్థాపింపబడిన ఆ విద్యాలయము తొలుత శ్రీమతి సరోజినీ నాయుడుగారి గృహమగు గోల్డెన్ త్రెషోల్డునందే నడచినది. నేడది గచ్చిబౌలియందు విశాలమైన ఆవరణలో నున్నది.

అచ్చటి ఆచార్య డి. నారాయణరావు, ఆచార్య సోమ వేణుగోపాలరావు, వారి శిష్యులు కె. యల్. యన్. దీపక్ గారు యాక్రిలికు, సిలికోను పాలిమర్ల లోపల లేసరుతో సూక్ష్మరచనలు చేసి 2010లో ప్రకటించిరి. ఆ లేసరు ఎడతెగక వెలుగదు. మెఱుపు మెఱుపుగా కొట్టును. ఒక్కొక్క మెఱుపు నిలుచు కాలము సెకనులో సుమారు పది లక్షల కోట్లవ వంతు. అంతలో వెలుగుకూడ వెండ్రుకమందము దాటిపోజాలదు. మెఱుపు అంత కుఱుచది గనుక చుట్టుప్రక్కల వేడి ప్రాకకమునుపే, తాకినచోట మాత్రమే పదార్థము మాఱును. అచ్చుతో, కడుగుటతో పనిలేకయే, పాలిమరు కడుపులో గీతలు గీయవచ్చును. పలకపై పూయుట తాండ్రపని యైనచో, ఇది లోపలనుండి కుట్టుపని.

అదే విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రశాఖలో ఆచార్య రాజాదురై చంద్రశేఖర్ గారు మఱియొక దారి త్రొక్కిరి. వారు వంగునట్టి సూక్ష్మస్ఫటికములను తీసికొని, మిక్కిలి వాడియైన సూదిమొనతో వానిని నెట్టి, వంచి, కోసి, ఒకదానిచెంత నొకటి చేర్చి వెలుగుదారుల నమర్చుచున్నారు. ఈ నేర్పునకు మెకానోఫోటానిక్సు అని పేరు. ఆ చిత్రములను చూచినపుడు నాకు గోదావరికిరువైపుల కొక్కెపుసూదితో లేసు అల్లు మన స్త్రీల చేతులు జ్ఞప్తికి వచ్చినవి. సన్నపని, ఓర్పు, ఒక్కపోగు తప్పిన మరల విప్పి యల్లుకొనుట. ఈ గుణములు మన యిండ్లలో కొఱవడినవని యెవరనగలరు?

ఒక వజ్రపు కథ

అయినను వెలుగుశాస్త్రమున స్త్రీలకు దారి సుగమము కాలేదు. తిరువాన్కూరులో 1918లో జన్మించిన అన్నా మణిగారు 1940లో బెంగుళూరున శ్రీ చంద్రశేఖర వెంకటరామనుగారి పరిశోధనశాలలో చేరి, వజ్రములనుండియు కెంపులనుండియు వెలువడు వెలుగును పరీక్షించిరి. గంటలకొలది, ఒక్కొక్కప్పుడు రాత్రింబవళ్లు, ఫోటోపలకలకు వెలుగు సోకనిచ్చి కాచుకొనియుండిరి. 1945లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు సిద్ధాంతవ్యాసము సమర్పింపగా, ఎం.ఎస్సీ. పట్టము లేదను కారణమున వారికి డాక్టరు పట్టము నిరాకరింపబడినది. ఆమె క్రుంగిపోలేదు. వాతావరణశాఖలో చేరి, ఎండను, గాలిని కొలుచు సాధనములను మన దేశముననే చేయించి, ఆ శాఖలో ఉపాధ్యక్షపదవివఱకు ఎదిగిరి. పట్టము నోచుకొనని ఆ వ్యాసము నేటికిని బెంగుళూరులోని రామన్ పరిశోధనసంస్థ గ్రంథాలయమున నున్నది.

ఈ కథను నేను మా యింట చెప్పుటకు కారణము కలదు. శ్రావణమాసమున మా పిల్లకు సీటు వచ్చినది. ఇంటరు తరువాత నేరుగ చేరి అయిదేండ్లు చదువవలసిన ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రము. పిల్ల ఆనందమునకు మేర లేదు. మా పెద్దబావగారు మాత్రము కాగితమును చూచి మాటాడలేదు. తుదకు, "అయిదేళ్లు! అంత దూరం! ఆడపిల్లకి కాకినాడలో లేని చదువా?" అనిరి. వారు చెడ్డవారు కారు. కూతురిని కనులయెదుట నుంచుకొనవలెనను ప్రేమయే వారిచే నట్లనిపించినది. మాలో నెవరికిని నోరు పెగలలేదు. పిల్ల లోనికి పోయి తలుపు వేసికొనెను.

అప్పుడు మా యత్తగారు వత్తులు చేయుచు, తలయెత్తకయే యిట్లనిరి: "నా కంట్లో పెట్టిన పలుకు ఎవరో తల్లి కన్నబిడ్డే కదరా చేసింది. ఆ బిడ్డని వాళ్ల నాన్న ఇంట్లోనే ఉండమంటే, ఈ వత్తులు నేను ఎలా చేసుకుందును? దాన్ని పంపు."

బావగారు కొంతసేపు మౌనముగా నుండి, "ఎప్పుడు చేరాలిట?" అని యడిగిరి. ప్రయాణపు పెట్టె మేము సర్దితిమి. ఆవకాయజాడీ, రెండు దుప్పట్లు, మామ్మ యిచ్చిన నూఱురూపాయల నోటు అందుంచితిమి.

మా యింటిపెట్టెలో నేటికిని రాగిదారులే కలవు. వెలుగుపలకలు మన యింటివఱకు ఎన్నడు వచ్చునో, వచ్చుటకు ముందు పెద్ద యంత్రశాలలలో నెంతకాలము పరీక్షింపబడునో కాలమే నిర్ణయించును. కాని "లోపల కూడా వెలుగే వెళ్తుందా?" యని యడిగిన పిల్ల, ఆ పని జరుగుచున్న చోటికే చేరినది. ఆ ప్రశ్నను అరుగుమీద విని, పనికిమాలినదని త్రోసివేయకుండుటయే మేము చేసిన మేలు.

సోదరీమణులారా! ఈ మాఱు మీ వీధిలో తీగ తెగి, కుఱ్ఱవాడు సంచితో వచ్చినపుడు, పిల్లలను దూరముగ తఱుమకుడు. గాజుతునుకలు చేతులకు గ్రుచ్చుకొనకుండ, ఆ కలమువెలుగు తిన్నగా కన్నులలో పడకుండ మాత్రము చూచుకొని, ప్రక్కన నిలువనిండు. ఆడపిల్ల యేదైన ప్రశ్న వేసినచో దానికి సమాధానము మీకు తెలియకున్నను చింతలేదు. గాజుగ్లాసుతో నీరు పోసి ఎత్తి చూపుడు. అక్కడినుండి దారి తానే వెదకికొనును.